జర్మనీలో ఒకరింట కొన్ని నెలలు: బెంగళూరు తెలుగువారి కోసం

మారతహళ్ళి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎవరో ఒకరు జర్మనీకి ప్రయాణం కట్టడం ఇప్పుడు వింత కాదు. ఆడుగోడిలో పెద్ద కార్యాలయం ఉన్న బాష్ సంస్థకు ప్రధాన కేంద్రం స్టుట్‌గార్ట్ పక్కనున్న గెర్లింగెన్‌లో ఉంది. వైట్‌ఫీల్డ్‌లో ల్యాబ్స్ నడుపుతున్న సాఫ్ట్‌వేర్ సంస్థ ఎస్‌ఏపీకి సొంత ఊరు జర్మనీలోని వాల్‌డోర్ఫ్. కనుక ఉద్యోగులు మూడు నెలలకో ఆరు నెలలకో, విద్యార్థులు ఒక సెమిస్టరుకో అక్కడికి వెళ్లి రావడం మామూలైపోయింది. అంత తక్కువ కాలానికి విడిగా ఇల్లు దొరకడం కష్టం కాబట్టి చాలామంది ఎవరో ఒకరి ఇంట్లో గది తీసుకుని ఉంటారు. నేను కూడా స్టుట్‌గార్ట్ శివారులో ఒక వృద్ధ దంపతుల ఇంట్లో, వాళ్ల అబ్బాయి చదువుకున్న గదిలో, ఆరు నెలలు ఉన్నాను. వారు నన్ను ఎంతో ఆదరించారు. అయినా మొదటి నెలలో నేను పడ్డ ఇబ్బందుల్లో ఎక్కువ భాగానికి కారణం వెతికితే నా మొహమాటమే కనిపిస్తుంది. అందుచేత ఈ వ్యాసంలో కాగితాల సంగతి కొంత, ఇంటి సంగతి ఎక్కువ రాస్తున్నాను.

బయలుదేరక ముందే అడగవలసినవి

గది ఖాయం కాగానే ఇంటివారికి ఒక ఈమెయిల్ రాయండి. మీ పరిచయానికి ఒక పేరా చాలు, మిగిలినదంతా ప్రశ్నలే ఉండనివ్వండి. వంటిల్లు ఏ వేళల్లో వాడుకోవచ్చు, ఫ్రిజ్‌లో మీకంటూ ఒక అర ఉంటుందా, బట్టలు ఉతికే యంత్రం వారానికి ఎన్నిసార్లు వేసుకోవచ్చు, స్నేహితులు వస్తే ముందుగా చెప్పాలా, ఇంట్లో కుక్కో పిల్లో ఉందా, కరెంటు, హీటింగు ఖర్చులు అద్దెలో కలిసే ఉన్నాయా అనేవి మన దృష్టిలో ఇల్లు చేరాక నెమ్మదిగా తెలుసుకునే విషయాలు. ముఖమైనా చూడకముందే ఇవన్నీ అడిగితే లెక్కల మనిషి అనుకుంటారేమోనని మనకు జంకు. అక్కడ మాత్రం ఇలా అడిగినవారినే పద్ధతి తెలిసిన మనిషిగా చూస్తారు. నేను అడగలేదు. నవంబరులో వెళ్లి, గదిలో చలికి ఓర్చుకోలేక రేడియేటరు మీటను చివరి అంకె అయిన 5 మీద పెట్టి, హీటింగు విడిగా లెక్కకడతారన్న సంగతి జనవరిలో తెలుసుకున్నాను. ఆ మీట మీద 3 అంటే సుమారు 20 డిగ్రీలు. ఒంటి మీద స్వెటరు ఉంటే అది చాలు.

అడ్వాన్సు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. బెంగళూరులో పది నెలల అద్దె ముందుగా కట్టడానికి అలవాటుపడిన మనకు జర్మనీ పద్ధతి ఊరటగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడి చట్టం ప్రకారం హీటింగు వంటి ఖర్చులు కలపని మూల అద్దెకు మూడు రెట్లకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. గదిలో ఉన్న సామాను జాబితా రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోవడం అక్కడ అనుమానానికి గుర్తు కాదు, కాబట్టి కాగితం చేతికిచ్చినప్పుడు చిన్నబుచ్చుకోవద్దు.

పెట్టెలో ఏం పెట్టుకోవాలన్న విషయంలో అమ్మలతో వాదన తప్పదు గాని, కొన్నింటిలో గట్టిగా ఉండవలసిందే. ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసపు ఉత్పత్తులను, పాల ఉత్పత్తులను వెంట తీసుకురాకూడదు. అంటే నేతి సీసా, పాలకోవా ఇంట్లోనే ఉండిపోవాలి. పచ్చి కరివేపాకు రెబ్బలు, బంగినపల్లి మామిడిపళ్లు వంటి వాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, ఇంటి నుంచి వెళ్లే పెట్టెలో అది ఉండదు. కరివేపాకును నీడలో ఎండబెట్టి పొడి చేసి తీసుకెళ్లండి. ఆవకాయ, గోంగూర పచ్చళ్ల సీసాలను మూత మీద టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెక్-ఇన్ సామానులోనే వేయండి. నూనె కారితే ఆ వాసన తిరుగు ప్రయాణం దాకా పెట్టెను వదలదు. ఇంటి లోపల తొడుక్కోవడానికి ఒక జత మెత్తని చెప్పులు తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే మనలాగే వారిలో చాలామంది బయటి బూట్లను గుమ్మం దగ్గరే విడుస్తారు, కాని చలికాలంలో ఒట్టి కాళ్లతో తిరగరు. మన భారతీయ నంబరును రోమింగ్‌తో బతికించి ఉంచుకోవడం మరచిపోవద్దు, లేకపోతే బ్యాంకు పంపే ఓటీపీ అందక ఇక్కడి వ్యవహారాలన్నీ ఆగిపోతాయి.

కాగితాలు

ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి కొద్దికాలానికి ఇచ్చే షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల కాలంలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, అంతకు మించి ఉండేవారికి జర్మనీ జాతీయ వీసా కావాలి. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఉద్యోగం మీద వెళ్లేవారి పత్రాలను సంస్థ చూసుకుంటుంది. బంధువుగానో స్నేహితులుగానో వెళ్తున్నవారికి ఇంటివారు అక్కడి విదేశీయుల కార్యాలయంలో ఒక పూచీపత్రం రాసివ్వవలసి రావచ్చు. అది మన పెళ్లిపత్రిక వంటి ఆహ్వానం కాదు. అతిథి ఖర్చులు ప్రభుత్వం మీద పడితే వాటిని తానే చెల్లిస్తానని ఇంటివారు చట్టబద్ధంగా ఒప్పుకోవడం. ఆ సంతకం బరువు తెలిస్తే, బీమా విషయంలో నాలుగు వందలు మిగిల్చుకోవాలన్న ఆలోచన మనకు రాదు.

మూడు నెలలకు మించి ఉండడానికి వెళ్లినవారు ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఆ ఊరి పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. 2015 నవంబరు నుంచి దీనికి ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువీకరణ పత్రం తప్పనిసరి అయింది, అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే ఒప్పుకోరు. చాలా ఊళ్లలో కార్యాలయంలో సమయం దొరకడానికే వారాలు పడుతుంది కాబట్టి, బెంగళూరులో ఉండగానే ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవడం మేలు. నమోదు పూర్తయితేనే పన్ను గుర్తింపు సంఖ్య వంటివి తపాలాలో వస్తాయి. ఫారంలో మీ మతం ఏమిటని అడిగితే కంగారుపడవద్దు. చర్చి సభ్యుల నుంచి అక్కడి ప్రభుత్వం చర్చి పన్ను వసూలు చేసి ఇస్తుంది, ఆ ప్రశ్న అందుకోసమే.

ఇక్కడ చిన్నదిగా కనిపించే పెద్ద విషయం ఒకటి ఉంది. తపాలా పెట్టె మీద మీ పేరు లేకపోతే మీ ఉత్తరం మీకు చేరదు. ఇంటి నంబరు, వీధి పేరు సరిగ్గా ఉన్నా సరే, పోస్ట్‌మాన్ పెట్టె మీది ఇంటిపేరు చూసే వేస్తాడు. చేరిన మొదటి రోజే ఇంటివారిని అడిగి, వారి పేరు కింద మీ పేరు చీటీ అంటించండి. ఆ తర్వాత కొద్ది వారాలకు రేడియో, టీవీల కోసం వసూలు చేసే ప్రసార రుసుము కట్టమని మీ పేరున ఒక ఉత్తరం వస్తుంది. నెలకు 18.36 యూరోల ఆ రుసుము మనిషికి కాదు, ఇంటికి ఒక్కటి. ఇంటివారు ఇప్పటికే కడుతున్నట్లయితే వారి చందా సంఖ్యను రాసి జవాబు పంపితే సరిపోతుంది. జవాబివ్వకుండా ఊరుకుంటే ఆ ఉత్తరాలు ఆగవు.

వద్దంటే వద్దనే అర్థం

నేను చేరిన రాత్రి ఇంటావిడ బంగాళాదుంప సూప్, నల్ల రొట్టె పెట్టారు. గిన్నె ఖాళీ కాగానే ఇంకొంచెం వేయమంటారా అని అడిగారు. ఆకలి దహించుకుపోతున్నా అలవాటు కొద్దీ చాలండీ అన్నాను. మన ఇళ్లలో ఆ మాటకు అర్థం ఇంకోసారి అడగమని. ఇంటి ఇల్లాలు వినిపించుకోనట్లు గరిటె వంచుతుంది, మనం చేయి అడ్డుపెడతాం, ఆమె పక్క నుంచి వడ్డిస్తుంది, అప్పుడు తింటాం. అక్కడ ఆవిడ సరేనని సూప్ గిన్నె తీసుకెళ్లి మూత పెట్టేశారు. ఆ రాత్రి పెట్టెలోని చేగోడీలతో కడుపు నింపుకున్నాను. మర్నాడు పొద్దున నా గదిలో నేల మీద చేగోడీ ముక్కలు చూసి, రాత్రి భోజనం నచ్చలేదా అని ఆవిడ ఎంతో నొచ్చుకుంటూ అడిగినప్పుడు గాని, నా మర్యాద ఆవిడకు ఎలా కనిపించిందో నాకు అర్థం కాలేదు.

వారి దృష్టిలో ఒక పెద్ద మనిషి వద్దని చెప్పాక మళ్లీ అడగడం ఆ మనిషి మాటను నమ్మకపోవడం. కనుక ఆకలిగా ఉంటే మొదటిసారే ఔనని చెప్పండి. చలిగా ఉంటే ఇంకో దుప్పటి అడగండి. ఆదివారం వారితో నడకకు వెళ్లాలని లేకపోతే, కారణాలు అల్లకుండా ఈ రోజు విశ్రాంతి తీసుకుంటానని చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు. బెంగళూరు మనకు నేర్పిన మొదటి కన్నడ వాక్యం స్వల్ప అడ్జస్ట్ మాడి కదా. బస్సులో సీటు దగ్గర నుంచి అద్దె ఇంటి నీళ్ల ట్యాంకు దాకా దానితోనే నెట్టుకొచ్చాం. ఒకరింట్లో నెలల తరబడి ఉన్నప్పుడు పైకి చెప్పని సర్దుబాటు లోపల పేరుకుని, ఎప్పుడో ఒకనాడు చిన్న విషయం మీద బయటపడుతుంది. ఇంటివారికి అది ఆకాశం నుంచి ఊడిపడ్డట్లు ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మీరు వారికి ఏదైనా వండిపెట్టిన రోజున కొసరి కొసరి వడ్డించకండి. పెద్దాయన చాలన్నాక నేను ఇంకో రెండు పులిహోర గరిటెలు వేస్తే, పళ్లెంలో వదలడం తప్పని పెరిగిన ఆయన ఆ మెతుకులన్నీ కష్టపడి తిని, ఆ రాత్రంతా ఇబ్బందిపడ్డారు. అలాగే వారు తిన్నగా చెప్పే మాటను కోపంగా తీసుకోవద్దు. మూడో వారంలో ఇంటావిడ కాఫీ పోసి కూర్చోబెట్టి, వంటిల్లు గురించి నాలుగు విషయాలు చెప్పాలన్నారు. ఇక గది ఖాళీ చేయమంటారనుకున్నాను. స్టవ్ మీద నూనె మరకలు, రాత్రి పదకొండు గంటల స్నానం, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టిన ఉల్లిపాయ, బయటి తలుపు తాళం, ఇంతే. చెప్పడం అయ్యాక మరో కప్పు కాఫీ పోశారు. ఈసారి నేను ఔనన్నాను.

వంటిల్లు

ఒకరి ఇంట్లో ఉంటూ మన వంట చేసుకోవడం అన్నిటికంటే సున్నితమైన వ్యవహారం, ఎందుకంటే పోపు వాసన మనకు ఆకలి పుట్టిస్తే వారికి మూడు రోజులు కర్టెన్లలో నిలిచిపోయే వాసన. ఇంగువ సంగతి చెప్పనక్కరలేదు. పోపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూసి, కిటికీ బార్లా తెరిచి, పొయ్యి మీది గాలి లాగే యంత్రాన్ని ముందే నడపండి. జర్మనీ ఇళ్లలో పడక గదుల్లోనూ నడవల్లోనూ పొగ గుర్తించే అలారాలు చట్టప్రకారం ఉంటాయి. ఎండుమిరపకాయలు మాడితే ఇల్లంతా మోగిపోతుంది. ప్రెషర్ కుక్కర్ విజిల్ విని పెద్దాయన మెట్లు దిగి పరిగెత్తుకొచ్చిన రోజు తర్వాత, కుక్కర్ పెట్టేముందు ఎన్ని కూతలు వస్తాయో వారికి చెప్పడం అలవాటు చేసుకున్నాను. కొన్నాళ్లకు ఆయనే లెక్కపెట్టి, మూడు అయ్యాయని కింది నుంచి కేకేసేవారు.

మిక్సీ తీసుకెళ్లవచ్చు, అక్కడి కరెంటు కూడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అయితే మన ప్లగ్గు అక్కడి సాకెట్లలో పట్టదు కాబట్టి మంచి అడాప్టర్ కావాలి. పొయ్యి ఇండక్షన్‌దో కాదో ముందే అడిగి, దానికి తగిన అడుగు ఉన్న కుక్కర్ కొనుక్కోండి. బియ్యం, కందిపప్పు, చింతపండు మోసుకెళ్లనక్కరలేదు. ఏ పెద్ద ఊళ్లోనైనా భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి.

శాకాహారులు తమ నియమాన్ని ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటే చాలదు. మాంసం తినను అంటే చేపలు తింటారని కొందరు అనుకుంటారు, సూప్‌లో వేసిన పంది మాంసపు చిన్న ముక్కలను మాంసంగా లెక్కించనివారూ ఉన్నారు. చేప, గుడ్డు, మాంసపు రసం, జెలటిన్, వీటిలో ఏవి తింటారో ఏవి తినరో జర్మన్‌లో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటిస్తే వారికి కూడా సులువు. స్టుట్‌గార్ట్ ప్రాంతపు ష్పెట్స్‌లె పిండివంటలో గుడ్డు ఉంటుంది. అక్కడి పేరుమోసిన మౌల్‌టాషెన్ చూడ్డానికి మన కజ్జికాయ చుట్టంలా అమాయకంగా ఉంటుంది గాని, సాధారణంగా లోపలి కూరంలో మాంసం ఉంటుంది. ఉపవాస కాలంలో దేవుడి కంట పడకుండా మాంసాన్ని పిండిలో దాచారని స్థానికులే నవ్వుతూ చెబుతారు.

వారి రాత్రి భోజనం చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించకుండానే అయిపోతుంది. రొట్టె, వెన్న, చీజ్, దోసకాయ ముక్కలు, అంతే. దాన్ని చూసి మనకు సరిగ్గా పెట్టడం లేదని అనుకోవద్దు, వారికి వేడి భోజనం మధ్యాహ్నమే. వారానికి ఒక పూట మీ వంట, మిగిలిన రోజులు వారి పద్ధతి లేదా మీ వేళలో మీరు వండుకోవడం అని స్పష్టంగా అనుకుంటే ఎవరికీ భారం ఉండదు. సరుకుల ఖర్చు కూడా ఎవరిది వారు అన్నది మొదటి వారంలోనే తేల్చుకోవాలి. పెద్దవాళ్ల దగ్గర డబ్బు మాట ఎత్తడమా అని నేను నాన్చితే, ఇంటావిడే రసీదుల మీద పెన్సిల్‌తో సగం గీసి చూపించారు.

నీళ్లు, గాలి, చెత్త

స్నానాల గదిలో షవరు కింద తప్ప మిగతా నేల మీద సాధారణంగా నీళ్లు పోయే తూము ఉండదు. బకెట్టు, చెంబు పద్ధతికి ఆ గది సరిపోదు. మొదటి ఉదయం నేను ధారాళంగా నీళ్లు పోసుకుంటే అవి తలుపు కింద నుంచి నడవలోకి వెళ్లి చెక్క నేలను తడిపాయి. స్నానం ముగిశాక గాజు తలుపు మీది నీటిని రబ్బరు పట్టీతో లాగేయాలి. మరుగుదొడ్డిలో నీళ్ల గొట్టం ఉండదు కాబట్టి ఒక ప్లాస్టిక్ సీసా పెట్టుకుని, చుక్క కింద పడకుండా వాడుకోవడం నేర్చుకోవలసిందే. కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు. బెంగళూరులో క్యాన్ నీళ్లకు అలవాటుపడిన ప్రాణం దీన్ని నమ్మడానికి కొన్ని రోజులు తీసుకుంటుంది.

చలికాలంలో కిటికీలు బిగించి కూర్చుంటే గోడలకు బూజు పడుతుంది. అందుకని వారు రోజుకు రెండు మూడుసార్లు హీటింగు తగ్గించి, కిటికీలన్నీ పూర్తిగా తెరిచి, ఐదు నుంచి పది నిమిషాలు గాలి ఆడనిచ్చి మూసేస్తారు. కిటికీని రోజంతా ఓరగా తెరిచి ఉంచడం వారికి నచ్చదు, వేడి వృథా అవుతుంది గాని గాలి మారదు. గదిలో బట్టలు ఆరేసేవారు ఈ నియమాన్ని రెట్టింపు శ్రద్ధతో పాటించాలి.

చెత్త వేరు చేయడం బెంగళూరువారికి బొత్తిగా కొత్త కాదు. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతిని తప్పనిసరి చేసినప్పటి నుంచి హసి కస (తడి చెత్త), ఒణ కస (పొడి చెత్త) అనే మాటలు మన నోళ్లలోనూ నలిగాయి. అక్కడ ఇంకా రెండు మెట్లు ఎక్కువ: కాగితం ఒక డబ్బాలో, ప్యాకింగ్ సామగ్రి ఒకదానిలో, వంటింటి చెత్త మరోదానిలో, మిగిలినది ఇంకోదానిలో, గాజు సీసాలు రంగుల వారీగా వీధి చివర పెట్టెల్లో వేయాలి. డబ్బాల రంగులు ఊరిని బట్టి మారతాయి కాబట్టి ఇంటివారు చెప్పిందే ప్రమాణం. కొన్ని సీసాలను అసలు పారేయకూడదు. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసాకు, పానీయపు టిన్ను డబ్బాకు కొన్నప్పుడే 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు, దుకాణంలోని యంత్రంలో తిరిగి వేస్తే ఆ డబ్బు వస్తుంది. ఇంటి సీసాలన్నీ శనివారం దుకాణానికి మోసుకెళ్లే పని నేను తీసుకున్నాను. ఇంటిపనిలో మొదటి వాటాగా అది అన్నిటికంటే సులువు, భాష కూడా అక్కరలేదు.

ఆదివారం, మెట్ల వంతు

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, కనుక పాలు, రొట్టె శనివారమే కొనాలి. వాక్యూమ్ క్లీనర్, గోడకు మేకు కొట్టడం, గాజు సీసాలు పెట్టెలో వేయడం, ఇవన్నీ ఆ రోజు నిషిద్ధం. ఇడ్లీ పిండి రుబ్బే పని కూడా ఆ కోవలోకే వస్తుందని పక్క వాటావారు తలుపు కొట్టి చెప్పాక నాకు తెలిసింది.

స్టుట్‌గార్ట్ వైపు కేర్‌వోహె అనే ఆచారం ఉంది, ఊడ్చే వారం అని దాని అర్థం. ఆ పట్టణంలో దీని మూలాలు 15వ శతాబ్దం దాకా వెళ్తాయి. భవనంలోని ఒక్కో వాటాకు ఒక్కో వారం వంతు వస్తుంది, వంతు వచ్చినవారి తలుపుకు ఒక చిన్న పలక వేలాడుతుంది. చిన్న వంతు అంటే మీ అంతస్తు మెట్లు, పెద్ద వంతు అంటే గుమ్మం, నేలమాళిగ, ఇంటి ముందు కాలిబాట. మంచు పడితే పొద్దున్నే దాన్ని తోయడం కూడా. మా భవనంలో నాలుగు వాటాలు. పలక మా తలుపుకు వచ్చిన మొదటిసారి, మోకాళ్ల నొప్పితో ఉన్న ఇంటావిడ చేతిలోని చీపురు నేను తీసుకున్నాను. ఆవిడ వద్దనలేదు! తెల్లవారగానే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఈ పని మన చేతికి తెలిసిందే. ఆరు నెలల్లో ఆ భవనంలోని మిగతా మూడు ఇళ్లవాళ్లతో నాకు పరిచయమైంది ఆ మెట్ల మీదే, చేతిలో తడి గుడ్డతో.

ఏమని పిలవాలి, ఎప్పుడు పలకరించాలి

మీరు, నువ్వు తేడా తెలిసిన మనకు జర్మన్‌లోని జీ, డూ తేడా చెప్పకుండానే అర్థమవుతుంది. ఒక్కచోట మాత్రం మన లెక్క తప్పుతుంది. మన దగ్గర పెద్దవారు చిన్నవారిని మొదటి నుంచీ నువ్వు అంటారు, చిన్నవారు జీవితాంతం మీరు అంటూనే ఉంటారు. అక్కడ పెద్దలిద్దరూ నన్ను కూడా మీరు అనే పిలిచేవారు, నేను ఫ్రావ్ (శ్రీమతి), హెర్ (శ్రీ) అనే మాటలకు ఇంటిపేరు చేర్చి పిలిచేవాడిని. ఒక సాయంత్రం పెద్దాయన ఇక డూ అనుకుందామని గ్లాసు ఎత్తారు. అలా ప్రతిపాదించే హక్కు పెద్దవారిదే, మనం ముందుగా చొరవ చూపకూడదు. ఆ తర్వాత మా తాత వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి నా నాలుక ఎంత తిరగబడిందో చెప్పలేను. వారం పాటు పేరు అవసరం లేని వాక్యాలు మాత్రమే కట్టాను. వెళ్లేముందు ఇందిరానగర్‌లోని మాక్స్‌ముల్లర్ భవన్‌లోనో మరెక్కడో మొదటి స్థాయి జర్మన్ నేర్చుకుంటే, మాట్లాడేది తప్పుల తడకే అయినా ఇంటివారి ముఖం వికసిస్తుంది.

చన్నపట్న చెక్క బొమ్మ, మైసూరు శాండల్ సబ్బు వంటివి బహుమతిగా బాగుంటాయి. వారు మీ ఎదుటే విప్పి చూస్తారు, మీరు కూడా వారిచ్చినదాన్ని అప్పుడే విప్పండి. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్క రోజు ముందు కూడా చెప్పవద్దు, అది అపశకునమని వారి నమ్మకం. ఆలస్యమయ్యే పక్షంలో ఐదు నిమిషాలైనా సరే కబురు పెట్టండి. ట్రాఫిక్‌కు పేరుమోసిన మన సిల్క్ బోర్డు జంక్షన్ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. వారి దూరపు రైళ్లు మాత్రం తరచూ ఆలస్యంగానే నడుస్తాయి, ఆ విషయం మీద ఇంటివారితో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

అమ్మానాన్నలతో వీడియో కాల్‌కు ఒక వేళ నిర్ణయించుకోండి. చలికాలంలో బెంగళూరు గడియారం నాలుగున్నర గంటలు ముందుంటుంది, వేసవిలో మూడున్నర గంటలు. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం ఈ తేడా మారుతుందని ఇంట్లో ముందే చెప్పకపోతే, పొద్దున ఆరింటికి లేచే అమ్మ మీకు ఏ అర్ధరాత్రో ఫోన్ చేస్తుంది. మన ఇళ్లలో ఫోన్ అంటే నలుగురూ ఒకేసారి మాట్లాడటం కాబట్టి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ప్రాణాపాయానికి 112, పోలీసులకు 110, వేళ కాని వేళ డాక్టరు సలహాకు 116117 అనే నంబర్లు ఫోన్‌లో దాచుకోండి.

తిరుగు ప్రయాణం

వెళ్లిపోయే నెల పనులు చేరిన నెల పనులకంటే ఎక్కువ. చిరునామా నమోదును రద్దు చేయించుకోవాలి. బయలుదేరడానికి వారం ముందు నుంచి, వెళ్లిన రెండు వారాల్లోపు దీన్ని పూర్తి చేయవచ్చు. స్థానిక రైళ్లు, బస్సులన్నిటికీ పనికొచ్చే జర్మనీ టికెట్ నెలవారీ చందా. 2023 మేలో 49 యూరోలతో మొదలై 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయిన ఆ చందాను, ఆ నెలాఖరుకు ఆపాలంటే పదో తేదీలోపు రద్దు చేయాలి. పదకొండో తేదీన గుర్తొస్తే ఇంకో నెల డబ్బు పోయినట్లే. బ్యాంకు ఖాతాను డిపాజిట్ తిరిగి వచ్చేదాకా మూయవద్దు.

గదిని ఇంటావిడతో కలిసి, మొదటి రోజు రాసుకున్న జాబితా చేతిలో పట్టుకుని చూడండి. పగిలిన గ్లాసు ఉంటే మీరే ముందు చెప్పండి. తాళాలు బల్ల మీద పెట్టి రాకుండా వారి చేతికే ఇవ్వండి, తిరిగిచ్చినట్లు సంతకం అడిగితే పెట్టండి. మిగిలిన కందిపప్పు, మెంతులు, ఆవాలు వారికి వదిలేయాలనిపిస్తుంది. వాడతారా అని ముందు అడగండి, వద్దంటే పట్టుపట్టకండి. మా ఇంటావిడ ఆవాల డబ్బా ఉంచుకుని ఇంగువ మాత్రం మూత బిగించి నా చేతిలో పెట్టారు. కిందికి దిగేటప్పుడు తపాలా పెట్టె మీది మీ పేరు చీటీని మీరే గీకి తీసేయండి. జిగురు మరక గోరువెచ్చని నీళ్లతో తుడిస్తే పోతుంది.